స్టడీ అవర్ లేని సాయంత్రాలు: చెన్నైలో ఒక ఫస్టియర్ విద్యార్థి కేస్ స్టడీ

చెన్నై శివారు తాంబరం దాటాక జీఎస్టీ (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలే. వాటిలో ఒకదానిలో నేను స్టూడెంట్ కౌన్సెలర్‌ని. మా దగ్గర చేరేవాళ్లలో ఆంధ్ర, తెలంగాణ పిల్లలు చాలామంది ఉంటారు. నాది తెలుగు కాబట్టి వాళ్లు ఎక్కువగా నా గదికే వస్తారు. ఈ కేసు అలా వచ్చిన ఒక అబ్బాయిది. గుర్తుపట్టే వివరాలు మార్చాను, ఇలాంటి ఇబ్బందితోనే వచ్చిన మరికొందరి అనుభవాలూ ఇందులో కలిపాను. అతన్ని ఇక్కడ చిన్నా అంటాను.

ఫస్టియర్‌లో దిగాలుపడ్డ పిల్లాణ్ని చూస్తే పెద్దవాళ్లు ఇంటి మీద బెంగ అంటారు, లేకపోతే ఫోన్ పిచ్చి అంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే ఇంటర్ రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీలో చదివి వచ్చిన పిల్లల్లో నాకు పదేపదే కనిపించేది వేరే విషయం. ఎప్పుడు లేవాలి, ఏ సబ్జెక్ట్ ఎంతసేపు చదవాలి, ఎప్పుడు తినాలి, ఎప్పుడు లైట్ ఆపాలి, ఇవన్నీ రెండేళ్ల పాటు వేరేవాళ్లే నిర్ణయించారు. ఇక్కడ అడుగుపెట్టిన రోజు నుంచి అవన్నీ ఒకేసారి పిల్లాడి చేతిలోకి వస్తాయి. అలాంటి నిర్ణయాలు తీసుకునే అలవాటు వాడికి ఎవరూ చేయలేదు. చిన్నాతో నేను చేసిన పనంతా ఆ అలవాటు చేయడమే.

ఎలా వచ్చాడు

దసరా సెలవులు అయిపోయాక ఫ్యాకల్టీ అడ్వైజర్ పంపితే వచ్చాడు. ఆవిడ రాసి పంపిన చీటీలో మూడు సంగతులున్నాయి. మ్యాథ్స్‌లో అటెండెన్స్ 75 శాతం కంటే తగ్గింది. మొదటి ఇంటర్నల్‌లో 50కి 11 వచ్చాయి. క్లాసులో ఎవరితోనూ మాట్లాడడు.

ప్రకాశం జిల్లాలో ఒక పల్లె వాళ్లది. నాన్నకు పొగాకు, శనగ సాగు. చెల్లి టెన్త్ చదువుతోంది. చిన్నా ఊళ్లోనే టెన్త్ చదివి, ఇంటర్ ఎంపీసీకి విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేరాడు. ఇంటర్‌లో 1000కి 968. జేఈఈ మెయిన్‌లో ఎన్ఐటీ సీటు వచ్చేంత పర్సంటైల్ రాలేదు. ఈఏపీసెట్ ర్యాంకుకు ఇంటికి దగ్గరలో సీటు వచ్చేది కానీ కంప్యూటర్ సైన్స్ వచ్చేది కాదు. ఇక్కడ వచ్చింది. పొగాకు వేలంలో చేతికొచ్చిన డబ్బులో పెద్ద భాగం ఫీజుకే పోయింది. ఈ మాట నేను అడగకముందే తనే చెప్పాడు.

మొదటి రోజు కుర్చీ అంచున కూర్చుని, ఫోన్ ఒళ్లో బోర్లా పెట్టుకుని, అది వణికిన ప్రతిసారీ తిప్పి చూస్తూ మాట్లాడాడు. "తమిళం రాదు మేడమ్, అందుకే ఇక్కడ సెట్ అవ్వట్లేదు" అన్నాడు. భాష వల్ల ఇబ్బంది ఉన్న మాట నిజమే. ఆటోవాళ్లతోనూ మందుల షాపులోనూ ఉంటుంది, మధ్యలో తమిళంలో జోకు వేసే లెక్చరర్ దగ్గర మరీ ఉంటుంది. కానీ అదే హాస్టల్‌లో తమిళం ఒక్క ముక్క రాని పిల్లలు వందల మంది బాగానే తిరుగుతున్నారు. అతని రూమ్మేట్లలో ఒకడిది మదురై, ఇంకొకడిది బీహార్. ఇద్దరితోనూ వచ్చీరాని ఇంగ్లిష్‌లో పని నడిచిపోతోందని అతనే చెప్పాడు. కాబట్టి భాష దగ్గర ఎక్కువసేపు ఆగలేదు.

ర్యాగింగ్ గురించి కూడా అడిగాను. ఏమీ జరగలేదన్నాడు. ఫస్టియర్ పిల్లలు ఎవరొచ్చినా ఈ ప్రశ్న అడిగి, యూజీసీ హెల్ప్‌లైన్ నంబరు 1800-180-5522 రాసిచ్చి పంపడం నా అలవాటు. ఆ రోజు చెప్పలేనివాళ్లు తర్వాత చెప్పుకోవచ్చు.

పరిశీలన

రాత్రి మూడింటి దాకా ఫోన్, పొద్దున పదకొండుకు లేవడం, ఉదయం క్లాసులు పోవడం, ఆ సిగ్గుతో మధ్యాహ్నం క్లాసులకూ వెళ్లకపోవడం. చేరిన రెండు మూడు వారాలకే ఇది మొదలైంది. ఇంటర్నల్ మార్కులు వచ్చాక ముదిరింది. ఆకలి తగ్గింది, ఒళ్లు తగ్గింది. కాలేజీ హెల్త్ సెంటర్‌కు పంపి రక్తపరీక్షలు చేయించాను. థైరాయిడ్, హిమోగ్లోబిన్ మామూలుగానే ఉన్నాయి. ఇలా నీరసంగా వచ్చిన ప్రతి పిల్లాణ్నీ ముందు డాక్టరు చూడాలి. రక్తహీనతకు కౌన్సెలింగ్ చేస్తూ కూర్చోకూడదు.

దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9లో స్కోరు 13. ఈ ప్రశ్నావళిలో గరిష్ఠం 27, పది నుంచి పద్నాలుగు దాకా మధ్యస్థ స్థాయి దిగులు కింద లెక్క. ఆందోళనను కొలిచే గాడ్-7లో 9 వచ్చింది, అంటే ఆందోళన ఉంది కానీ అదే ప్రధానం అనిపించలేదు. పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. దానికి "కొన్ని రోజులు" అని టిక్ పెట్టాడు.

ఆ టిక్ చూశాక మిగతా విషయాలు పక్కన పెట్టి దాని గురించే మాట్లాడాను. చచ్చిపోవాలని ఉందా, ఎలా అని ఆలోచించావా, ఎప్పుడైనా ప్రయత్నించావా అని సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అలా జరగదు, అడిగితే పిల్లలకు బరువు దిగుతుంది. "చావాలని కాదు మేడమ్, పొద్దున లేవకపోతే బాగుండనిపిస్తుంది" అన్నాడు. ఆలోచనకు ఒక రూపం లేదు, ప్రయత్నమూ లేదు. అయినా ఇద్దరం కలిసి ఒక కాగితం రాశాం. ఆ ఆలోచన వచ్చినప్పుడు గదిలో ఒంటరిగా ఉండకుండా ఎక్కడికి వెళ్లాలి, ముందు ఎవరికి చెప్పాలి, రాత్రివేళ అయితే టెలీ-మానస్ 14416కు ఫోన్ చేయడం. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. ఆలోచనలు పెరిగినా, రెండు మూడు వారాల్లో నిద్ర, తిండి దారిలోకి రాకపోయినా సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపుతానని అప్పుడే చెప్పాను, ఒప్పుకున్నాడు. అతనికి 18 నిండాయి కాబట్టి ఇక్కడ మాట్లాడింది ఇంటికి చెప్పాలంటే అతని అనుమతి కావాలని, ప్రాణానికి ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ఆ నియమం పక్కన పెడతానని కూడా మొదటి రోజే చెప్పాను.

నా అంచనా అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 ప్రకారం ఇది జీవితంలో ఒక పెద్ద మార్పు వచ్చాక సాధారణంగా నెలలోపు మొదలవుతుంది. మనసంతా ఆ మార్పు చుట్టూనే తిరుగుతూ చదువు, నిద్ర, మనుషులతో మెలగడం దెబ్బతింటాయి. ఒత్తిడి తగ్గితే మామూలుగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది. డిప్రెషన్ అని నిర్ధారించే స్థాయి నాకు కనిపించలేదు. సాయంత్రం వాలీబాల్ శబ్దం వినిపిస్తే కిటికీ దగ్గరికి వెళ్లి చూస్తానన్నాడు. ఊళ్లో ఉండగా ఆడేవాడట. ఇష్టం చచ్చిపోలేదని దాన్ని బట్టి అనుకున్నాను.

నాలుగు నుంచి పదకొండు

రెండోసారి వచ్చినప్పుడు ఒక తెల్లకాగితం మీద సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా గంట గంటకూ గీతలు గీసి, నిన్న ఏం చేశావో రాయమన్నాను. పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. రాసింది రెండే మాటలు: "రూమ్", "ఫోన్".

ఇంటర్‌లో ఆ గంటలు ఎలా ఉండేవో రాయమంటే మాత్రం ఆగకుండా రాసుకుపోయాడు. నాలుగున్నరకు స్నాక్స్, ఐదుకు స్టడీ అవర్, ఏడున్నరకు డిన్నర్, ఎనిమిదికి మళ్లీ స్టడీ, పదిన్నరకు లైట్లు బంద్. పొద్దున ఐదుకు వార్డెన్ తలుపు కొడతాడు. ఫోన్ ఉండదు. నెలకోసారి అవుటింగ్. వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ మారుతుంది. ఒకసారి మార్కులు తగ్గి కింది సెక్షన్‌కు దించారట. అంతకుముందు తనతో కలిసి తిన్నవాళ్లు ఆ నెలంతా పలకరించలేదని చెప్తూ తల దించుకున్నాడు. మళ్లీ పైకి వచ్చాక మామూలుగా మాట్లాడారట.

కేసు మొత్తంలో నాకు అన్నిటికంటే ఎక్కువ అర్థమైంది ఇక్కడే. రెండేళ్లలో ఆ పిల్లాడు రెండు పాఠాలు గట్టిగా నేర్చుకున్నాడు. ఒకటి, బెల్లు కొడితేనే పని మొదలవుతుంది. రెండు, నాకు తెలియదని బయటపడితే మనుషులు దూరమవుతారు. మొదటిదాని వల్ల ఇక్కడ సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. రెండోదాని వల్ల డౌట్ అడగడం ఆగిపోయింది.

మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం వీలైనంతవరకు మానుకోవాలని సుప్రీంకోర్టు 2025 జులైలో స్పష్టంగా చెప్పింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మరణం మీద నడిచిన కేసులో వచ్చిన మార్గదర్శకాలవి. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలన్నదీ అందులోనే ఉంది. సెక్షన్ల పద్ధతి పిల్లల మీద ఏం ముద్ర వేస్తుందో చూడాలంటే ఇంజినీరింగ్ ఫస్టియర్ హాస్టళ్లకు రావాలి. దెబ్బ తగిలేది అక్కడ, వాపు కనిపించేది ఇక్కడ.

మెస్ సంగతి కూడా ఆ కాగితం మీదే బయటపడింది. ఏడు గంటల దగ్గర "మెస్" అని రాసి కొట్టేశాడు. ఎందుకని అడిగితే, రూమ్మేట్లు లేచినప్పుడు వాళ్లతో వెళ్తానని, వాళ్లు బయట తినొస్తే తను వెళ్లడని చెప్పాడు. అంత పెద్ద హాలులో ప్లేటు పట్టుకుని ఒక్కడే నిలబడితే అందరూ చూస్తారని భయం. వారంలో మూడు నాలుగు రాత్రులు బిస్కెట్లతో సరిపెట్టుకుంటున్నాడు. ఇంటికి మాత్రం "తిన్నా" అని చెప్తున్నాడు. సాంబారు నచ్చక తినట్లేదని వాళ్లమ్మ అనుకుంటోంది, ఆవకాయ సీసాలు పంపుతోంది. అవి మూత తీయకుండా అల్మారాలో ఉన్నాయి.

చేసిన పని

వారానికోసారి కలిశాం. ముందుగా పట్టుకున్నవి నిద్ర, తిండి. త్వరగా పడుకోమని చెప్పలేదు, పడుకున్నా నిద్ర రాదు. ఎప్పుడు పడుకున్నా ఏడింటికి లేవాలి, లేచిన అరగంటలో ఎండలో పది నిమిషాలు నడవాలి, ఫోన్ ఛార్జింగ్ మంచం దగ్గర కాకుండా టేబుల్ మీద పెట్టాలి. లేచే వేళ స్థిరపడితే శరీరంలోని గడియారం దాన్ని పట్టుకుంటుంది, పగలంతా మేలుకుని ఉంటే రాత్రి నిద్ర దానంతట అదే త్వరగా పడుతుంది. మొదటి వారం ఘోరంగా గడిచింది, క్లాసులో కునికిపాట్లు పడ్డాడు. మూడో వారానికి పన్నెండున్నరకల్లా నిద్రపోతున్నానన్నాడు.

మెస్‌కు ఒంటరిగా వెళ్లడాన్ని మెట్లుగా విడగొట్టాం. రద్దీ లేని వేళ సాయంత్రం టీకి వెళ్లడం మొదటి మెట్టు. టిఫిన్‌కు ఒక్కడే వెళ్లడం రెండోది. రాత్రి భోజనానికి వెళ్లి, మూలన కాకుండా ఎవరో ఒకరు కూర్చున్న టేబుల్ దగ్గర కూర్చోవడం ఆఖరిది. వెళ్లే ముందు "ఎంతమంది నన్ను చూస్తారు" అనేదానికి ఒక అంకె రాసుకోమన్నాను, వచ్చాక నిజంగా ఎంతమంది చూశారో రాయమన్నాను. రాత్రి భోజనానికి వెళ్లిన రోజు "అందరూ" అని రాసుకుని వెళ్లాడు. వచ్చాక రాసింది "ఒకడు, ఉప్పు డబ్బా అడిగాడు" అని. ఆ ఉప్పు అడిగిన అబ్బాయిది నెల్లూరు, పక్క బ్లాకు. తర్వాత అతనితోనే వాలీబాల్ కోర్టుకు వెళ్లడం మొదలుపెట్టాడు.

చదువు దగ్గరికి వచ్చేసరికి పని కష్టమైంది. సాయంత్రం ఐదున్నర నుంచి ముప్పావు గంట లైబ్రరీలో, రోజూ ఒకే కుర్చీలో, ఫోన్ బ్యాగులో పెట్టి కూర్చోవాలని అనుకున్నాం. "ఏ సబ్జెక్ట్ చదవమంటారు మేడమ్?" అని అడిగాడు. నేను చెప్పలేదు. మార్కులు చూస్తే మ్యాథ్స్ అని ఎవరైనా చెప్తారు, నా నోటి దాకా కూడా వచ్చింది. కానీ నేను చెబితే ఇంకో వార్డెన్ దొరికినట్టే. మళ్లీ అడిగాడు, మళ్లీ ఊరుకున్నాను. చాలాసేపటికి "సీ" అన్నాడు. కోడింగ్ ల్యాబ్‌లో అందరి ముందూ పరువు పోతోందట, ముందు అది ఆగాలట. ఆ కారణం నాకు నచ్చింది. అతని ఎంపికనే ఖాయం చేశాం.

ల్యాబ్‌లో ఏం జరుగుతోందో వివరంగా చెప్పించాను. మన ఇంటర్ ఎంపీసీలో ప్రోగ్రామింగ్ ఉండదు. క్లాసులో సీబీఎస్ఈ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది పదకొండు, పన్నెండు తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకుని పైథాన్ రాసినవాళ్లు. వాళ్లు పది నిమిషాల్లో ప్రోగ్రాం ముగిస్తుంటే వాళ్లు పుట్టు తెలివైనవాళ్లనీ, తను మొద్దు అనీ చిన్నా అనుకున్నాడు. వాళ్లు రెండేళ్ల ముందు మొదలుపెట్టారన్న సంగతి అతని లెక్కలోకే రాలేదు. ఒకరోజు మూడు గంటల ల్యాబ్‌లో గంటసేపు "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అనే ఒక్క ఎర్రర్ లైను చూస్తూ కూర్చున్నాడు, ఆఖరికి పక్కవాడిది చూసి రాసేశాడు. పక్కనే ల్యాబ్ అసిస్టెంట్ తిరుగుతున్నారు, అడగలేదు.

డౌట్ అడగడాన్ని నా గదిలోనే ప్రాక్టీస్ చేశాం. నోట్‌బుక్‌లో మూడు లైన్లు రాసుకోవాలి. ఏం చేయాలనుకున్నాను, ఏ లైను దాకా వచ్చింది, ఎక్కడ ఆగింది. అవే మూడు లైన్లు ఇంగ్లిష్‌లో చదివితే చాలు, తప్పులున్నా పర్వాలేదు. నేను ల్యాబ్ అసిస్టెంట్‌గా కూర్చుని విన్నాను, ఒకసారి కావాలనే విసుగ్గా మొహం పెట్టాను, అలా పెట్టినా ప్రశ్న పూర్తి చేయమన్నాను. మరుసటి వారం ల్యాబ్‌లో అదే సెగ్మెంటేషన్ ఫాల్ట్ మళ్లీ వచ్చింది. చెయ్యెత్తాడు. అసిస్టెంట్ వచ్చి, టైప్ చేసిన విలువను చదివే స్కాన్‌ఎఫ్ లైనులో వేరియబుల్ ముందు ఆంపర్‌శాండ్ (&) గుర్తు లేదని చూపించి వెళ్లిపోయారు. ఆ గుర్తు లేకపోతే విలువను ఎక్కడ దాచాలో ప్రోగ్రాంకు తెలియదు. అంతా కలిపి నిమిషం పట్టి ఉంటుంది. ఆ సాయంత్రం అపాయింట్‌మెంట్ లేకపోయినా నా గది తలుపు దగ్గరికి వచ్చి "నిమిషమే మేడమ్" అన్నాడు. అప్పటిదాకా అతని గొంతులో అంత హుషారు నేను వినలేదు.

నాన్నతో ఫోన్

రోజూ రాత్రి తొమ్మిదికి ఇంటి నుంచి ఫోన్. తిన్నావా, చదివావా, మార్కులొచ్చాయా. మూడింటికీ అబద్ధమే చెప్పేవాడు. ఫోన్ పెట్టేశాక ఇక ఆ రాత్రి నిద్ర ఉండేది కాదు. నాన్నకు నిజం చెప్పాలని ఉందా అని అడిగితే ఉందన్నాడు, కానీ ఒక్కడే చెప్పలేనన్నాడు. నా గది నుంచే చేశాం, స్పీకర్ పెట్టి.

"నాన్నా, మ్యాథ్స్‌లో పదకొండు వచ్చాయి" అన్నాడు. "ఎంతకి?" "యాభైకి." అవతల ట్రాక్టర్ శబ్దం వినిపిస్తోంది, ఆయన ఏమీ అనలేదు. చిన్నా నా వైపు చూశాడు. కాసేపటికి "సరేలేరా నాన్నా, సున్నా రాలేదుగా" అన్నాడాయన. తర్వాత నాతో మాట్లాడుతూ, "మేడమ్ గారూ, వాడు ఉండలేనంటే వచ్చి తీసుకుపోతా. ఫీజుదేముంది, పోతే పోయింది. పిల్లోడు బాగుండాల" అన్నాడు. ఆ మాట పిల్లాడికి వినిపించడం నా సలహాలన్నిటికంటే ఎక్కువ పనిచేసింది. పొగాకు డబ్బు తన వల్ల బూడిదైపోతుందన్న భయమే అతని గొంతు పట్టుకుని ఉంది మరి.

ఆయన్ను నేను కోరింది ఒక్కటే. సెమిస్టర్ పరీక్షలు అయ్యేదాకా మార్కుల ఊసు ఎత్తొద్దు, బదులుగా ఆయన రోజు ఎలా గడిచిందో పిల్లాడికి చెప్పాలి. అప్పుడు పొగనాట్లు, శనగ విత్తనం వేసే రోజులు. పదును ఉందా లేదా, కూలీలు దొరికారా లేదా, ఇవే మాట్లాడుకునేవారు. ఫోన్ వస్తుందంటే ఇప్పుడు టెన్షన్ లేదని రెండు వారాల తర్వాత చిన్నా చెప్పాడు.

దీపావళి

దీపావళికి పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు వెళ్లాడు. పండగ మరుసటి రోజు మెసేజ్ పెట్టాడు, తిరిగి రానని. నాకు ఆశ్చర్యం కలగలేదు. కాస్త కుదుటపడ్డ పిల్లలు ఇంటికి వెళ్లి అమ్మ వండింది తిని, సొంత మంచం మీద పడుకోగానే మొదటికి వస్తారు. వెళ్లేముందే దీని గురించి మాట్లాడుకుని, కాలేజీ మానాలా వద్దా అన్నది సెమిస్టర్ పరీక్షలు అయ్యాకే తేల్చుకోవాలని కాగితం మీద రాసుకున్నాం. ఆ కాగితం ఫోటోనే తిరిగి పంపాను, వేరే ఏమీ రాయలేదు. రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు.

దీనిలో నా అభిప్రాయం నిక్కచ్చిగా చెప్పాలి. కాలేజీ మారడం ఓటమి కాదు, కొందరికి అదే సరైన దారి. నేనే తల్లిదండ్రులను ఒప్పించి పంపినవాళ్లున్నారు. కానీ నిద్ర, తిండి లేని స్థితిలో, పైగా అడ్మిషన్లన్నీ ముగిసి ఏడాది పోతుందని తెలిసి, ఆ నిర్ణయం తీసుకోకూడదు. చిన్నా విషయంలో ఇంకో కారణం కూడా ఉంది. ఇంటికి వెళ్లిపోతే ఆ సాయంత్రాలను మళ్లీ ఎవరో ఒకరు నింపేవారు.

సెమిస్టర్ ముగిసేసరికి

నవంబరులో వానలు పట్టుకున్నాయి. చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు గట్టిగా పడితే కాలేజీలకు వరుసగా సెలవులిస్తారు. అనుకున్న పద్ధతంతా చెదిరింది, రోజుల తరబడి మంచం మీదే ఉండిపోయాడు. వాన తగ్గిన రోజు నేను ఫోన్ చేయకముందే లైబ్రరీకి వెళ్లాడు. ఎవరూ చెప్పకుండా మళ్లీ మొదలుపెట్టడం అదే మొదటిసారి, అందుకని మార్కుల కంటే ముందు దాన్ని నా ఫైల్లో రాసుకున్నాను.

పరీక్షల్లో సీ ప్రోగ్రామింగ్‌తో సహా అన్నీ పాసయ్యాడు, మ్యాథ్స్ పోయింది. అటెండెన్స్ మాత్రం మెడికల్ సర్టిఫికెట్‌తో, చివరి నెలలో పట్టుదలగా వెళ్లిన క్లాసులతో గట్టెక్కింది. అరియర్ (మళ్లీ రాయాల్సిన సబ్జెక్ట్) పడిందని నాకు తనే చెప్పాడు, ఇంటికీ తనే ఫోన్ చేసి చెప్పాడు. సంక్రాంతి తర్వాత పీహెచ్‌క్యూ-9 స్కోరు 5. తొమ్మిదో ప్రశ్నకు "అసలు లేదు". సైకియాట్రిస్ట్ అవసరం పడలేదు. అయితే ఈ మెరుగుదలంతా కౌన్సెలింగ్ వల్లేనని నేను అనను. వాలీబాల్, నెల్లూరు స్నేహితుడు, తండ్రి అన్న ఆ ఒక్క మాట, వీటి వాటా చాలా ఉంది. కాలం కూడా కొంత పని చేస్తుంది.

ఇలాంటి పిల్లలతో పనిచేసే కౌన్సెలర్లకు, వార్డెన్లకు ఒక విషయం చెప్పాలి. సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ చెప్పిన మూడు వారాల ఇండక్షన్, అంటే కొత్త పిల్లల్ని కాలేజీకి అలవాటు చేసే కార్యక్రమం, మంచిదే, కానీ ఆ మూడు వారాల్లో పిల్లలకు కష్టం ఇంకా మొదలే కాదు. కొత్త బకెట్లు, కొత్త బ్యాగులు, ఫోటోలు. అప్పుడు కౌన్సెలర్ స్టేజీ ఎక్కి "ఏ ఇబ్బంది ఉన్నా రండి" అంటే ఎవరి చెవికీ ఎక్కదు. మొదటి ఇంటర్నల్ మార్కులు వచ్చిన వారమే అసలు వారం. మా కాలేజీలో ఇప్పుడు ఆ వారం ఫ్యాకల్టీ అడ్వైజర్లు ప్రతి ఫస్టియర్ విద్యార్థినీ పిలిచి అడిగే ప్రశ్నల్లో "రాత్రి మెస్‌లో ఎవరితో తిన్నావు?" అన్నది చేర్పించాను. మార్కుల గురించి అబద్ధం చెప్పే పిల్లలు కూడా ఈ ప్రశ్నకు నిజం చెప్తారు. ఇంటర్ రెసిడెన్షియల్‌లో చదివివచ్చినవాళ్ల జాబితా విడిగా తీసి, పరీక్షలో పోయినా పోకపోయినా వాళ్లను ముందు పిలవమంటున్నాను. 968 మార్కులు చూసి ఈ పిల్లాడికి ఏ ఢోకా లేదనుకోవడం తేలిక.

చిన్నా ఇప్పుడు నెలకోసారి వస్తున్నాడు. చెన్నై నచ్చిందా అంటే ఇంకా లేదంటాడు, ఉక్కపోతంటాడు. కాలేజీ మారే ఆలోచన రాసిపెట్టుకున్న ప్రకారం జనవరిలో తీసి చర్చించాం. ఉంటానన్నాడు, కారణాలు అడిగితే వరసగా చెప్పాడు. వాటిలో రెండు నాకు అంత బలంగా అనిపించలేదు, అయినా అవి అతని కారణాలు. వచ్చే ఏడాది మదురై అబ్బాయితోనే రూమ్ తీసుకుంటున్నాడు. మ్యాథ్స్ అరియర్ ఫీజు కట్టాడు, ఈసారి సాయంత్రం ముప్పావు గంటకు తనే మ్యాథ్స్ పెట్టుకున్నాడు. ఆ పరీక్ష అయ్యాక మళ్లీ కలుస్తాం.